రాహుకాలంలో గాలి రేటు

చాకీ పురుగులు వచ్చిన రోజు
షెడ్డు వేడి: ఇరవై ఆరు. ఆకు: రెండు మోపులు. పురుగుల ఆరోగ్యం: బాగుంది.

గుడ్ల కేంద్రం మేడం గారు అడిగిన వివరాలు పై వరుసతో అయిపోయాయి. కానీ ఆవిడ ఇచ్చిన పలక మీద కింద ఇంకా బోలెడు జాగా ఉంది. దానికి 'ఇతర విశేషాలు' అని పేరు కూడా పెట్టారు. నాలాంటి వాడి ముందు అంత జాగా ఖాళీగా పెట్టడం ఆవిడ పొరపాటు. మేడం గారూ, మీకు తీరిక లేకపోతే ఇక్కడితో ఆపేయండి. నేనైతే ఆపను.

నా పేరు కదిరప్ప. బడి ఐదో తరగతి మధ్యలో మానేశాను. మిగతా చదువంతా పెళ్ళిళ్ళలో సాగింది. నలభై ఏళ్ళు పెళ్ళి పందిళ్ళకు జనరేటరు తోలినవాణ్ణి. పందిట్లో అందరూ పెళ్ళికొడుకును చూస్తుంటే నేను వెనకాల కూర్చుని జనరేటరును వినేవాణ్ణి. వినడానికి చెవి చాలు కాబట్టి కళ్ళకు ఏదో ఒక పుస్తకం ఇచ్చేవాణ్ణి. భూగర్భ శాస్త్రం, హోమియోపతి, గుర్రాల జబ్బులు, ఏది దొరికితే అది. తాళి కట్టగానే పుస్తకం మూసి తీగలు చుట్టుకోవాలి. అందువల్ల నాకు ప్రతి శాస్త్రంలోనూ మొదటి సగమే తెలుసు.

ఈ షెడ్డు నా భార్య అశ్వత్థమ్మది. మా గుండ్లమిట్ట కాలనీలో నలభై గడపలు. ఒకప్పుడు ప్రతి ఇంటి వెనకాలా పట్టుపురుగుల షెడ్డు ఉండేది. ఎండలు ముదిరేకొద్దీ ఒక్కొక్కరే మానుకున్నారు. మిగిలింది ఇదొక్కటే. పోయిన ఎండాకాలం పంట వేడికి చచ్చిపోయింది. వరసగా రెండు ఎండాకాలాలు పంట పోతే కేంద్రం ఇక గుడ్లు ఇవ్వదు. ఆ ముక్క మేడం గారు ఇవాళ నవ్వుతూనే చెప్పారు. అశ్వత్థమ్మ కూడా నవ్వుతూనే తల ఊపింది. ఆవిడ వెళ్ళాక మాత్రం తట్టల ముందు చాలాసేపు నిలబడింది.

"ఏమయ్యా, వీటిని చల్లగా పెట్టాల. ఏం చేస్తావో నాకు తెల్దు" అంది.

తెలియనిది నాకే. పురుగులకు చల్లదనం కావాలి, చల్లదనానికి కరెంటు కావాలి. కరెంటు ఏ రేటుకు దొరుకుతుందన్నది మాత్రం గోడ మీదున్న మీటరమ్మ చెప్పాలి.

రెండో రోజు
వేడి: ఇరవై ఆరున్నర. ఆకు: రెండు మోపులు. ఆకు బండి ఆలస్యం.

అశ్వత్థమ్మ మల్బరీ తోటనుంచి ఆకు బండి తనంతట తానే వస్తుంది. దానికి కుక్కలంటే మహా గౌరవం. దారిలో ఏ కుక్క పడుకుని ఉన్నా, అది లేచేదాకా ఆగుతుంది. మా వీధి కుక్కలకు ఈ సంగతి తెలిసిపోయింది. బండి నీడలో పడుకోవడానికి బండికి అడ్డంగా పడుకుంటాయి. పురుగులు ఆకలితో ఉన్నాయని చెప్పి లేపి వచ్చాను.

కరెంటు సంగతికి వస్తాను. మాకు మూడు ప్లాన్లు. ఎండ ప్లాను చవక, కానీ పొద్దు గూకితే నిద్రపోతుంది. కొండ ప్లాను అంటే కొండ మీది తొట్టిలోంచి నీళ్ళు దించి తీసే కరెంటు. ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ ఖరీదే. గాలి ప్లాను మిట్ట మీదున్న మా సొంత గాలిమరలది. రేయింబవళ్ళు దొరుకుతుంది గానీ రేటు ఒకచోట నిలవదు. ఎక్కువమంది ఒకేసారి చేరితే లేస్తుంది, ఎవరూ రాకపోతే దిగుతుంది. చేరిన క్షణాన ఉన్న రేటే తర్వాత మూడు రోజులూ మనది. కాబట్టి ఇల్లు నడపడం అంటే ఎప్పుడు దూకాలో తెలియడమే. షెడ్డు లేని ఇళ్ళు ఎప్పుడు దూకినా బతుకుతాయి. కూలరు పగలూ రాత్రీ తిరగాల్సిన మా ఇల్లు తప్పు వేళ దూకిందంటే మూడు రోజులూ కూలరు ఆపుకుని కూర్చోవాలి.

ఈ రేట్లు వేసే యంత్రాన్ని మేం లెక్కలయ్య అంటాం. అది ఎక్కడుందో ఎవరూ చూడలేదు. మా ఇళ్ళ గోడల మీద దాని తరఫున మీటరమ్మ మాట్లాడుతుంది.

ఇక ఊ రూలు. ఇదివరకు ఎవరో ఏజెంట్లు ముసలివాళ్ళ చేత ఊ అనిపించి పనికిమాలిన ప్లాన్లు అంటగట్టారట. అప్పటినుంచీ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు నోటితో ఊ అంటేనే ప్లాను మారుతుంది. ఒకరు ఊ అన్నాక మీటరమ్మ రెండో ఊ కోసం పొద్దు గూకేదాకా కాచుకుని ఉంటుంది. ఈ రూలు వచ్చాక మా వీధిలో ఏ మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారో బిల్లు చూసి చెప్పొచ్చు.

మూడో జ్వరం
వేడి: ఇరవై ఎనిమిది. ఆకు: వేయలేదు.

కొత్తవాళ్ళు కంగారు పడొద్దు. పురుగు పాత చర్మం విడిచే ముందు తిండి మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరం అంటాం. నాలుగు జ్వరాలు దాటితే పురుగు పండుతుంది, గూడు కడుతుంది. ఇది మూడోది. మొదటి రెండూ గుడ్ల కేంద్రంలోనే దాటించిన పిల్ల పురుగులనే చాకీ అంటాం, అవే మాకిస్తారు.

తిండి పని లేదు గనక కూర్చుని రేట్లు విన్నాను. వారం రోజులుగా వింటున్నాను. గాలి రేటు సోమవారం పొద్దున తొమ్మిదింటికి నిటారుగా లేస్తోంది. మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు. శుక్రవారం సరిగ్గా పన్నెండుకు. ఆ లేవడానికి ముందు గంటన్నర పాటు నేలకు అంటుకుని ఉంటోంది. ఇందులో ఏ శాస్త్రం ఉందా అని నేను చదివిన సగం శాస్త్రాలన్నీ తిరగేశాను. చివరికి నీళ్ళు తాగుదామని లేస్తే ఎదురుగా అశ్వత్థమ్మ తగిలించిన క్యాలెండరు కనిపించింది. రాహుకాలం!

లైన్‌వుమన్ తులసీబాయి స్తంభం చూడడానికి వస్తే అడిగాను. ఆ పిల్ల పగలబడి నవ్వింది.

"ఎవురూ నేర్పలేదు తాతా దానికి. మీరే నేర్పినారు. రాహుకాలంలో ఒక్కరన్నా ఊ అంటారా ఈ కాలనీలో? అది అయిపోయిన మరు నిమిషం అందరూ కలిసి అంటారు. లెక్కలయ్య చూసుకోని చూసుకోని ముందే రేటు ఎక్కించి కూచుంటాండాడు."

"అంటే లెక్కలయ్యకు పంచాంగం వచ్చేసిందన్నమాట."

"మా ఆఫీసులో ఎవురికీ రాదు. దానికి మాత్రం వచ్చేసినాది."

నాకు ఆ యంత్రం మీద గౌరవం కలిగింది. అది కూడా నాలాగే వింటూ వింటూ చదువుకుంది.

మూడో జ్వరం, మర్నాడు
వేడి: ఇరవై తొమ్మిది. పురుగులు లేచాయి. ఆకు: నాలుగు మోపులు.

ఇవాళ రాహుకాలంలో గాలి తొమ్మిది రూపాయలు ఉంది. అది అయిపోయాక ఇరవై అవుతుందని నాకు తెలుసు. పరుగెత్తాను.

"అశ్వత్థా, ఒక్క ఊ అను. తొమ్మిదే!"

"గోడ మీద చూసినావా ఏం టైమో?"

"చూసినా గనకే చెప్తాండా."

"పురుగులు ఇప్పుడే జ్వరం లేచినాయి. రాహుకాలంలో కొత్త పని మొదలు పెట్టి వాటి నోట్లో మన్ను కొట్టమంటావా?"

"రాహువుకు పురుగులతో ఏం పగ?"

"పురుగులతో ఉండదు. నీతో ఉంటాది. పెండ్లిండ్లలో ముహూర్తానికి సరిగ్గా జనరేటరు ఎన్నిసార్లు ఆపినావో నాకు తెల్దా?"

రెండుసార్లే ఆపాను. రెండోసారి డీజిల్‌లో నీళ్ళు కలిశాయి. ఆ సంగతి ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను.

ఊ అనలేదు. రాహుకాలం గడిచింది, గాలి ఇరవై అయింది. మేం కొండ ప్లానులోనే ఉండి కూలరు సగానికి తగ్గించుకున్నాం. ముప్పై దాటితే పురుగు తిండి మీద అలుగుతుంది. ముప్పైమూడు దాటితే మెత్తబడి చస్తుంది. అశ్వత్థమ్మ తట్టల మధ్య తిరుగుతూ పురుగులతో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు.

సాయంత్రం తనంతట తానే వచ్చి నా పక్కన కూర్చుంది.

"మా అమ్మ ఊరికి పోవాల్సి వచ్చి టైము మంచిది కాకపోతే ఏం చేసేదో తెలుసా? ముందు రోజు మంచి వేళ చూసుకోని ఒక చీరె మూట గట్టి పక్కింట్లో పెట్టి వచ్చేది. ప్రస్థానం పెట్టినా అనేది. అంటే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. ఇంక మర్నాడు ఏ టైములో బయల్దేరినా రాహువుకు అడిగే హక్కు లేదు."

"అయితే?"

"అయితే ఏముంది? పొద్దున మంచి టైములో నేను నా ఊ పెట్టేస్తా. మొదలైపోయినట్టే. మధ్యాన్నం నీ ఊ నువ్వు ఎప్పుడన్నా చెప్పుకో."

నలభై ఏళ్ళు దొరికిన పుస్తకమల్లా చదివిన నాకు ఈ ఆలోచన రాలేదు. ఇది ఏ పుస్తకంలో ఉన్నా రెండో సగంలో ఉండి ఉంటుంది.

జ్వరం లేచిన మూడో రోజు
వేడి: ఇరవై ఆరు. ఆకు: ఆరు మోపులు.

వేడి అంకె చూశారుగా మేడం గారూ! అశ్వత్థమ్మ ఊ పొద్దున, నా ఊ రాహుకాలంలో. గాలి ఎనిమిది రూపాయలకు చిక్కింది. కూలరు పూర్తిగా వదిలాం. పురుగులు ఒళ్ళు మరిచి తింటున్నాయి. అశ్వత్థమ్మ ఇవాళ చిత్రాన్నం చేసింది.

ఇంతటి సంగతి కడుపులో దాచుకోవడం నావల్ల కాదు. పక్కింటి బాబ్జాన్‌కు చెప్పాను. బాబ్జాన్ బట్టలు కుట్టేవాడు. ఎండకు వేసుకునే చలువ అంగీలు వాడు కుట్టినంత బాగా మూడు మండలాల్లో ఎవరూ కుట్టరు. వాళ్ళ నాయన రాహుకాలం చూసేవాడట, అందుకని వాడూ చూస్తాడు. ప్రస్థానం సంగతి వినగానే కత్తెర కింద పెట్టాడు.

"అరె, కదిరప్పన్నా! ఇది మా మాబున్నీకి చెప్పాల్సిందే."

మాబున్నీ అంటే వాడి భార్య. మాబున్నీకి తెలిస్తే కాలనీకి తెలిసినట్టే. పొద్దు గూకేసరికి తెలిసింది.

నాలుగో జ్వరం
వేడి: ఇరవై తొమ్మిది. ఆకు: వేయలేదు. రచ్చ జరిగింది.

రచ్చకు కారణం నేనేనని మాబున్నీ వాదన. నిజం మీరే తేల్చండి.

ఇవాళ ఎండ కూత పదకొండుకే మోగింది. అది మోగాక సాయంత్రం నాలుగు దాకా వీధిలో ఎవరూ తిరగకూడదు. ఆ వేళకు నేను బాబ్జాన్ ఇంట్లో ఉండిపోయాను. ఖాళీగా కూర్చోవడం దేనికని ఒక పెళ్ళి కథ మొదలుపెట్టాను. మడకశిరలో ఒక పెళ్ళి. పెళ్ళికూతురి తాతకు నాదస్వరం అంటే ప్రాణం. నా జనరేటరు చప్పుడుకు నాదస్వరం వినబడడం లేదని, దాన్ని ఆపితే గానీ పెళ్ళి జరగనివ్వనని పందిట్లో అడ్డం పడుకున్నాడు. ఆపితే చీకటి. చీకట్లో పెళ్ళికొడుకు ఎవరి మెడలో తాళి కడతాడు?

కథ ఈ మలుపులో ఉండగా నేను, "అప్పుడు నేను ఏం చేసినానంటే..." అని ఊపిరి తీసుకోవడానికి ఆగాను. కథ వినేవాడు చేయాల్సిన పని బాబ్జాన్ చేశాడు.

"ఊఁ" అన్నాడు.

"ధన్యవాదాలు" అంది గోడ మీది మీటరమ్మ. "మీ ఇల్లు గాలి ప్లానుకు మారింది. యూనిట్ ఇరవై మూడు రూపాయలు."

పొద్దున మంచి వేళలో మాబున్నీ తన ఊ పెట్టి ఉంచింది. బాబ్జాన్ ఊ రాహుకాలంలో పడాల్సింది. నా కథ వల్ల రోజు మొత్తంలో అన్నింటికంటే పెద్ద రేటు దగ్గర పడింది. లోపలినుంచి మాబున్నీ గరిటెతో వచ్చింది.

"నోరు కుట్టుకో! కుట్టేవాడివే గదా, సూది దారం ఇస్తా, కుట్టుకో!"

"అన్న కథ చెప్తాంటే ఊ కొట్టకుంటే ఎట్ల?"

"కొట్టు. మూడు రోజులు ఫ్యాను లేకుండా కూచోని కొట్టు."

ఎండ కూత వల్ల నాకు ఇంటికి పారిపోయే వీలు కూడా లేదు. సాయంత్రం నాలుగు దాకా ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం. మడకశిర కథ అక్కడే ఆగిపోయింది. బాబ్జాన్ మాత్రం రెండుసార్లు మెల్లగా, "ఆ తాత లేచినాడా అన్నా?" అని అడిగాడు. మాబున్నీ వైపు చూసి నేను చెప్పలేదు.

నాలుగో జ్వరం లేచిన రెండో రోజు
వేడి: ముప్పై ఒకటి. ఆకు: పది మోపులు.

మాకు చిక్కిన గాలి రేటు గడువు తీరిపోయింది. ఇప్పుడు రాహుకాలంలో కూడా రేటు ఇరవై రెండు. నలభై గడపల ఆడవాళ్ళూ పొద్దున ఊ పెట్టడం, మగవాళ్ళు రాహుకాలంలో ఊ అనడం లెక్కలయ్య మూడు రోజుల్లో నేర్చుకున్నాడు. సగం ఊలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, అంతమందికీ సరిపోను కట్టేసి ఉంచిన మరలు విప్పి, రేటు ఎక్కించి కాచుకుని ఉంటున్నాడు. నా గొప్ప రహస్యాన్ని నేనే ఊరందరికీ పంచి చవక పోగొట్టుకున్నాను.

ఈ దశలో పురుగు ఆగకుండా తింటుంది. షెడ్డులో నిలబడితే ఆవగింజంత నోళ్ళు వేలకు వేలు ఒకేసారి ఆకును కత్తిరించే చప్పుడు. ఇవాళ ఆ చప్పుడు పలచబడింది. అశ్వత్థమ్మ తడి గోనెపట్టాలు కట్టింది. ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని చూసింది. పురుగు తల ఎత్తలేదు.

"ఇంగ నాలుగు రోజులకు పండుతాయి" అంది. "పండినాక మూడు రోజులు చల్లగా ఉంటే చాలు. గూడు కట్టుకుంటాయి. ఆ మూడు రోజులే."

ముప్పైమూడు దగ్గర ఏమవుతుందో పోయినేడు ఇద్దరం చూశాం.

నాలుగో జ్వరం లేచిన ఐదో రోజు, బుధవారం
వేడి: ముప్పై రెండు. పురుగుల ఆరోగ్యం: అడక్కండి.

అశ్వత్థమ్మ మనసు మళ్ళించడానికి ఒక కథ చెప్పాను. ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు నాలుగు బస్సుల్లో వస్తున్నామని కబురు పంపారు. వంటవాళ్ళు నాలుగు బస్సులకు సరిపడా వండారు. మూడు బస్సులు దారిలో చెడిపోయాయి. గంగాళాల నిండా పులిహోర, వంకాయ కూర. ఆ ఎండకు సాయంత్రానికి పాడైపోతుంది. మొదట మిగిలింది అమ్ముదామనుకున్నారు, ఎవరూ కొనలేదు. తర్వాత చవగ్గా ఇస్తామన్నారు. చివరికి దారిన పోయేవాళ్ళను చేయి పట్టుకుని లాక్కొచ్చి విస్తరి వేశారు. నేను మూడుసార్లు తిన్నాను.

అశ్వత్థమ్మ గోనెపట్టా పిండడం ఆపింది.

"సగం ఊలు పడితే లెక్కలయ్య మరలు విప్పుతాడు గదా?"

"విప్పుతాడు."

"ఎవురూ రాకపోతే?"

నేను లేచి నిలబడ్డాను. అంత కరెంటుకూ పులిహోర గతే!

"ఇన్నేండ్లు చెప్పినావు. ఈ ఒక్కటి పనికొచ్చినాది" అని చేతులు తుడుచుకుని లేచింది.

తులసీబాయిని పిలిపించి అడిగాం. మిగిలిన గాలి కరెంటుతో కొండ మీదికి నీళ్ళు తోడతారట. ఇప్పుడు తొట్టి అంచుల దాకా నిండి ఉందట. "ఇంక పెట్టుకునే చోటు లేదు తాతా. వచ్చిన రేటుకు ఇచ్చేస్తాడు."

"తప్పవుతుందా తల్లీ?"

"సగం ఊ పెట్టి మనసు మార్చుకుంటే తప్పని రూల్లో యాడా లేదు. పొద్దు గూకితే అదే పోతాది." స్తంభం ఎక్కుతూ వెనక్కి తిరిగింది. "నేను వినలేదు. మీరు చెప్పలేదు."

అశ్వత్థమ్మ సాయంత్రం కూత విప్పగానే గడప గడపకూ తిరిగింది. ఆఖరున మాబున్నీ ఇంటికి వెళ్ళింది. నేను గోడ ఇవతల ఉన్నాను.

"నా ఊ ఒక్కటే కాదు, నా చెల్లెలి ఊ కూడా పెట్టిస్తా అక్కా" అంది మాబున్నీ. "ఒక్కరోజు పాత రేటులో ఉంటే చచ్చిపోం. ఆ లెక్కలయ్య ముఖం ఎట్లుంటాదో చూడాల. కానీ ఈ మొగోళ్ళు? ఇంట్లో ఉంటే ఏదో ఒకదానికి ఊ అంటారు. ముప్పై ఏండ్లుగా నేను ఏం చెప్పినా వినకుండా ఊ అనేవాడు ఇతను!"

"నా షెడ్డుకు తోలు. ఆడ మీటరు లేదు. కూత కాకముందే అందరినీ తోలేయండి. చేతులు కడిగించి తోలండి."

గురువారం
వేడి: ఉదయం ముప్పై రెండున్నర. పురుగులు పండడం మొదలైంది.

కూతకు ముందే మా కాలనీ మగవాళ్ళంతా షెడ్డులో ఉన్నారు. రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు దాకా. కూత వల్ల నాలుగు దాకా ఎవరూ బయటికి పోలేరు. అంతకంటే మంచి కాపలా ఎక్కడ దొరుకుతుంది?

పండిన పురుగు ఆకు మానేసి, ఒళ్ళు తేనె రంగుకు తిరిగి, తల ఆడిస్తూ గూడు కట్టే చోటు వెతుకుతుంది. దాన్ని ఏరి, చంద్రిక అనే వెదురు తడిక మీదికి చేర్చాలి. అశ్వత్థమ్మ వరసగా అందరినీ నిలబెట్టి ఏరించింది.

"నొక్కొద్దు! పూలు కోసినట్టు తీయి."

"పిన్నమ్మా, ఇది పండిందా?"

"దానికి ఇంకా ఆకలుండాది. పెట్టేయి. నువ్వు పెండ్లిలో పంక్తి నుంచి ముసలోల్లను లేపినట్టు లేపుతాండావే!"

సగం మంది ఏరుతుంటే సగం మంది తడి గోనెపట్టాలు విసురుతున్నారు. అయినా వేడి ముప్పైమూడుకు ఒక గీత కిందే నిలబడింది. చంద్రికల మీదికెక్కిన పురుగులు దారం తీయడం లేదు. ఊరికే వేలాడుతున్నాయి.

నా పని ఇంట్లో మీటరు కింద కూర్చోవడం, నోరు మూసుకోవడం. అశ్వత్థమ్మ ఊ పొద్దునే పెట్టేసింది. పొద్దున ఏడింటి నుంచి నేను ఒక్క శబ్దం చేయలేదు. దీనికంటే కష్టమైన పని నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. ఎవరితోనూ మాట్లాడకపోతే పనికిమాలినవన్నీ గుర్తొస్తాయి. పెళ్ళికి పిలవని చుట్టాల పేర్లు కూడా గుర్తొచ్చాయి.

ఒకటిన్నరకు మిట్ట మీద మరలన్నీ విప్పుకున్నాయి. ఆ చప్పుడు ఇంట్లోకి వినిపించింది. మీటరమ్మ గొంతు సవరించుకుంది.

"గాలి: ఇరవై నాలుగు రూపాయలు."

లెక్కలయ్య నలభై విస్తళ్ళు వేసి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు.

"గాలి: ఇరవై రెండు." కాసేపటికి, "పంతొమ్మిది." ఆ తర్వాత చాలాసేపు పంతొమ్మిది దగ్గరే ఆగింది. ఆ నిశ్శబ్దంలో నాకు యంత్రం కూడా గడప దగ్గర నిలబడి దారి వైపు చూస్తున్నట్టు అనిపించింది. మొహమాటం కూడా కలిగింది. ఒక గంటసేపు నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు రేటు జారడం మొదలైంది. పదిహేను. పదకొండు. ఏడు. మాకు ఎనిమిది చాలు. కానీ నా నోరు నేనే పట్టుకున్నాను. ఇంకా దిగుతుంది కదా?

"గాలి: ఐదు."

ఇంకొంచెం.

"గాలి: మూడు."

షెడ్డు కిటికీలోంచి అశ్వత్థమ్మ కేక వినిపించింది.

"ఏమయ్యా! ఊరికే ఇస్తారేమోనని చూస్తాండావా? ఇక్కడ కింద పడిపోతాండాయి!"

నోరు తెరిచాను. పొద్దుటినుంచీ మూసిన నోరు, పైగా గాలికి లేచిన దుమ్ము. గొంతులోంచి దగ్గు వచ్చింది. మళ్ళీ దగ్గు వచ్చింది.

"అర్థం కాలేదు. మరొకసారి చెప్పండి" అంది మీటరమ్మ. "గాలి: నాలుగు రూపాయలు."

లేవడం మొదలైంది! రాహుకాలం దాటితే ఏమవుతుందో లెక్కలయ్యకు తెలుసు. కడవ ఎత్తి నీళ్ళు మీద పోసుకున్నంత పని చేసి తాగాను.

"గాలి: ఆరు."

"ఊఁ! ఊఁ! ఊఁ!"

"ఒక్కసారి చాలు" అంది మీటరమ్మ. "ధన్యవాదాలు. గాలి ప్లాను, యూనిట్ ఆరు రూపాయలు, మూడు రోజులు."

కూలరు పూర్తి వేగంతో లేచింది. నేను ఎండలోనే, కూత ఉన్నా లెక్కచేయకుండా, ఇంటికీ షెడ్డుకీ మధ్య పది అడుగులూ పరుగెత్తాను. లోపల కాలనీ మగవాళ్ళంతా గోడకు ఆనుకుని చంద్రికల వైపు చూస్తున్నారు. వేడి దిగింది: ముప్పై ఒకటి. ముప్పై. చాలాసేపటికి ఇరవై ఎనిమిది.

బాబ్జాన్ ఒక చంద్రిక ముందు వంగి, ముక్కు దానికి తగిలేంత దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. వేలు పెట్టి చూపించాడు. పురుగు తల ఎనిమిది అంకె వేసినట్టు తిరుగుతోంది. తల తిరిగినచోటల్లా వెలుగు పోగు ఒకటి మెరుస్తోంది.

"కుడుతాండాది అన్నా" అన్నాడు మెల్లగా. "ముడి కూడా పడకుండా కుడుతాండాది."

నాలుగుకు కూత విప్పారు. ఎవరూ ఇళ్ళకు పోలేదు. మడకశిర తాత లేచాడా లేదా అని బాబ్జాన్ అడిగితే, అశ్వత్థమ్మ ఎదురుగా ఉండగానే చెప్పాను. అందరూ కలిసి ఊ కొట్టారు. కరెంటు భయం లేదు.

గూళ్ళు కోసిన రోజు
వేడి: ఇరవై ఐదు. ఆకు: వద్దు. గూళ్ళు: ఎనిమిది బుట్టలు.

లెక్కలయ్య కొత్త రూలు పెట్టాడు. సగం ఊ ఇక మీద పావుగంటే నిలుస్తుందట. మీటరమ్మ ఆ సంగతి చెబుతుంటే వీధి వీధంతా నవ్వింది. తులసీబాయి స్తంభం మీదినుంచే నవ్వింది.

మేడం గారు ఇవాళ స్వయంగా వచ్చారు. ఈ పలక మొత్తం చదివారట. "వేడి అంకెలు చాలు గదా కదిరప్ప గారూ" అన్నారు. చదవకపోతే ఈ మాట అనరు, అందుకని సంతోషించాను. బుట్టలోంచి ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. లోపల పురుగు గట్టిగా కదిలిన చప్పుడు. మంచి గూడుకు అదే గుర్తు. ఇంకొకటి ఆడించారు. ఇంకొకటి.

"రెండు వందల గుడ్లు రాస్తున్నానమ్మా. వచ్చే నెలకు" అన్నారు మేడం గారు. మా లెక్కలో ఒక గుడ్డు అంటే ఒక చిలుక పెట్టిన గుడ్లన్నీ కలిపి.

అశ్వత్థమ్మ బుట్టమీది గుడ్డ సరి చేసింది, మళ్ళీ సరి చేసింది.

మేడం గారు బండి ఎక్కబోతుంటే బాబ్జాన్ అడ్డం వచ్చాడు. వెనకాల ఇంకో ఇద్దరున్నారు. తలలు వంచుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా నిలబడ్డారు.

"మా ఇంటి వెనకాల పాత షెడ్డు ఉండాది మేడం. పైకప్పు ఒక్కటే లేదు. నాకూ కొన్ని గుడ్లు..."

మేడం గారు అశ్వత్థమ్మ వైపు చూశారు. అశ్వత్థమ్మ బాబ్జాన్‌ను తల నుంచి కాలి దాకా చూసింది.

"యాభై రాయండి మేడం. కప్పు నేను దగ్గరుండి వేయిస్తా, ఆకు కూడా నా తోటలోదే ఇస్తా." తర్వాత వాడి వైపు తిరిగింది. "కానీ సుద్దముక్క గీతలు ఆ చేతులకు ఉన్నంతకాలం నా పురుగుల పక్కకు రాకూడదు. పో, కడుక్కోని రా. మోచేతుల దాకా."

బాబ్జాన్ రెండు చేతులూ తిప్పి చూసుకుని, నీళ్ళ తొట్టి వైపు నడిచాడు.